కట్టెలు కొట్టాలా, నరకాలా?

సందేహం: మాది చంద్రగిరి దగ్గర పల్లె సార్. మా పాప వ్యాసంలో 'మా తాత పెరట్లో కట్టెలు కొడతాడు' అని రాస్తే టీచరమ్మ దాన్ని 'నరుకుతాడు' అని దిద్దారు. ఏది ఒప్పు? అలాగే పగలకొట్టునా, పగలగొట్టునా?

సమాధానం: పాప రాసిందే ఒప్పమ్మా. నరకడం అంటే అడ్డంగా దెబ్బ వేసి తెగ్గొట్టడం. చెట్టును నరుకుతాం, కొమ్మను నరుకుతాం. శేషాచలంలో ఎర్రచందనం చెట్లు నరికారని, దుంగలు పట్టుబడ్డాయని తిరుపతి పేపర్లలో తరచూ చూస్తుంటాం కదా, నరికాక మిగిలేది ఆ దుంగే. అది ఇంటికొచ్చాక తాత చేసే పని వేరు. మొద్దును నిలబెట్టి, ఎండకు దాని తల మీద నెర్రె ఎటు పడిందో చూసుకుని సరిగ్గా అక్కడే గొడ్డలి వేస్తాడు, నార పోయే దారిలో అది నిలువునా రెండవుతుంది. ముడులున్న చింతమొద్దయితే అంత సులువుగా లొంగదు, ఇనప చీల పెట్టి సమ్మెటతో దిగ్గొట్టాల్సిందే.

ఇది చీల్చడం. పగలగొట్టడం అన్నా, బద్దలు కొట్టడం అన్నా ఇదే. వెదురుబద్ద, పప్పుబద్ద అంటాం చూడండి, బద్ద అంటే చీలిన ముక్క. సన్న పుల్లల్ని చేత్తో విరుస్తాం, 'పుల్ల విరిచినట్టు మాట్లాడాడు' అనేది అందుకే. రంపం పడితే కోయడం. ఈ పనులన్నీ కలిపి పొయ్యిలోకి కట్టెలు సిద్ధం చేయడానికి మన ఇళ్లలో ఉన్న పేరు కట్టెలు కొట్టడం. మన వైపు 'కట్టెలు కొట్టేదానికి పోయినాడు' అంటాం, అదీ తెలుగే, సిగ్గుపడే పని లేదు. పిల్లలు కళ్లారా చూసిన పనికి ఇంట్లో విన్న మాట రాస్తే దాని మీద ఎర్ర గీత పడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. పైగా ఇక్కడ ఇంటి మాటే సరిగ్గా అతికింది, 'నరుకుతాడు' అంటే తాత పెరట్లో చెట్టు మీద పడ్డాడేమో అనిపిస్తుంది.

ఇక రెండోది. రాతలో పగలగొట్టు అనే రాయండి. పగులన్ + కొట్టు అన్నప్పుడు ద్రుతం, అంటే చివరి 'న్', మీది 'క' కాస్తా 'గ' అయి పగులగొట్టు అవుతుంది, అదే వాడుకలో పగలగొట్టు. తెగ్గొట్టు, విరగ్గొట్టు కూడా ఇలా వచ్చినవే.

పాపకు ఇంకో మాట కూడా చెప్పండి. 'కట్టె, కొట్టె, తెచ్చె' అనే మూడు ముక్కల రామాయణంలో ఉన్నది పొయ్యిలో పెట్టే కట్టె కాదు. రాముడు వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు. మూడూ క్రియలే.