సిలిండర్‌లో ఏముందో కంప్యూటర్‌కి తెలీదు

చిట్టితల్లీ,

నువ్వు రెండు గ్యాసుల డైవింగ్ కోర్సులో చేరావని, నీళ్ళ కింద లోతు, ఇంకెంతసేపు ఉండొచ్చో లెక్కగట్టి చూపించే కొత్త డైవ్ కంప్యూటర్ కూడా కొనుక్కున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల నా దారిలో దిగుతోందని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి ఇది రాస్తున్నాను. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి బోట్ల ఇంజన్లు వినిపిస్తున్నాయి.

బ్యాటరీ చూసుకో, పట్టీ బిగించుకో. చీకట్లో కూడా వేళ్ళకి తెలిసేదాకా ఇంట్లో కూర్చుని బటన్లు నొక్కు. ఒకే కంప్యూటర్‌ని నమ్ముకుని ఇద్దరు దిగకండి. ఇవన్నీ మీ ఇన్‌స్ట్రక్టర్ ఎలాగూ చెప్తాడు.

నువ్వు మూడో క్లాసులో ఉన్నప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నాను, గుర్తుందా? బరువెత్తితే భుజం పట్టేసిందని నీకు చెప్పాం. అది నిజం కాదమ్మా.

ఆ వారమంతా 32 శాతం నైట్రాక్స్‌తో పని చేశాను. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కదా, ఇందులో అది ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. అందుకే ఒంట్లో నైట్రోజన్ తక్కువ చేరి, కింద ఎక్కువసేపు ఉండొచ్చు. ఆ రోజు నైట్రాక్స్ అయిపోయిందని మామూలు గాలి నింపిన సిలిండర్లు ఇచ్చారు. ఇచ్చిన కుర్రాడు ఆ మాట చెప్పాడు కూడా. సరే అన్నాను. కంప్యూటర్‌లో మాత్రం 32 అలాగే ఉండిపోయింది. 30 మీటర్ల దగ్గర గాలికి డైవింగ్ పట్టికలు ఇచ్చేది 20 నిమిషాలు, 32 శాతానికి 30. నేను 28 నిమిషాలు ఉన్నాను. పైకొచ్చి కాసేపు ఆగి, మళ్ళీ దిగాను. రెండుసార్లూ తెర మీద ఇంకా టైముందనే చూపించింది. ఒక్క అలారం మోగలేదు. ఎలా మోగుతుంది తల్లీ? నేను చెప్పిన అబద్ధం మీదే అది లెక్క కట్టింది.

మధ్యాహ్నం మీ అమ్మానాన్నలతో కలిసి కారులో అరకు బయల్దేరాం. అనంతగిరి కాఫీ తోటలు దాటుతుండగా కుడి భుజం లోపల ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు మొదలైంది. సిలిండర్ మోసినందుకే అనుకుని నోరు మూసుకున్నాను. నీళ్ళ సీసా మూత తిప్పబోతే వేళ్ళకి పట్టు దొరకలేదు. మీ అమ్మ ఆ చెయ్యి చూసింది. ఒక్క మాట అడగకుండా కారు వెనక్కి తిప్పించింది. ఆ రాత్రి ప్రెషర్ ఛాంబర్‌లో దాదాపు ఐదు గంటలు ఆక్సిజన్ పీలుస్తూ పడుకున్నాను. అద్దంలోంచి మీ అమ్మ ముఖం కనిపిస్తూనే ఉంది.

సముద్రంలోంచి వచ్చి కొండెక్కడమంటే విమానం ఎక్కినట్టే. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. పైకెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. రెండు మూడు డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగు. బొంగు చికెన్ మర్నాడు తిందువు గాని.

నీ విషయంలో దీనికంటే పెద్ద భయం 50 శాతం ఆక్సిజన్ ఉన్న నీ రెండో సిలిండర్. అది 21 మీటర్లకి పైన మాత్రమే పీల్చేది. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 బార్లు, అందులో సగమంటే ఆక్సిజన్ 2 బార్లు. ఈదేటప్పుడు 1.4, పైకొస్తూ ఆగిన చోట 1.6, అంతకు మించకూడదు. మించితే ఏ సూచనా లేకుండా నీళ్ళలోనే ఫిట్స్ రావచ్చు. నువ్వు పొరపాటున ఆ సిలిండర్ రెగ్యులేటర్, అంటే గాలి పీల్చే ముక్క, నోట్లో పెట్టుకున్నా, తెర మీద గ్యాస్ మార్చకపోతే కంప్యూటర్ నోరెత్తదు. అందుకని ముందు లోతు చూడు. సిలిండర్ మీద ఆక్సిజన్ శాతం రాసి అంటించిన టేపు చదువు. ఆ సిలిండర్ దగ్గర్నుంచి నోటిదాకా గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ రా. నీ జోడీ తల ఊపాక పీల్చు, ఆ తర్వాతే బటన్ నొక్కు. వెంట లేని గ్యాస్ ఏదైనా జాబితాలో మిగిలి ఉంటే తీసెయ్. లేకపోతే అదీ ఉందనుకుని పైకొచ్చే టైము తక్కువ చూపిస్తుంది.

బీప్ చిరాకని అలారాలు మ్యూట్ చేశావట! ఎవరు చెప్పారు నీకు అలా చెయ్యమని? ఇవాళే ఆన్ చెయ్. నీళ్ళలో శబ్దం ఎటునుంచి వస్తోందో తెలీదు, అందుకే ఎవరిది మోగినా ముందు నీ మణికట్టు చూసుకో. నిమిషానికి 9 మీటర్లు మించి పైకి రావద్దు. మన తీరంలో నీళ్ళు మసగ్గా ఉన్నప్పుడు ఎంత వేగంగా లేస్తున్నామో కంటికి తెలీదు.

ఆక్సిజన్ శాతం కొలిచే అనలైజర్ ముందు మామూలు గాలికి పెట్టి 20.9 చూపిస్తోందో లేదో చూసుకో. తర్వాత ప్రతి సిలిండర్‌కీ నువ్వే పెట్టు, ఇంకొకరి మాట మీద వదిలెయ్యకు. అంకె నిలిచేదాకా ఆగి, శాతం, దాటకూడని లోతు, తేదీ టేపు మీద నీ చేత్తోనే రాసి అంటించు. అదే అంకె కంప్యూటర్‌లో ఉందో లేదో పక్కన పెట్టి చూసుకో.

ఆదివారం రుషికొండలో బోటెక్కే ముందు టేపూ తెరా కలిసి కనిపించేలా ఫోటో తీసి పంపు బంగారం. పొద్దున్నించీ ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉంటాను.

మీ మావయ్య