సర్కారు కంప్యూటర్ ఉద్యోగంలో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, గుంటూరు నుంచి మీ మామయ్య ఆశీస్సులు.

సర్కారు ఆఫీసులకు కంప్యూటర్ వ్యవస్థలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌ఐసీలో (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) సైంటిస్ట్-బి ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం తల్లీ. బెజవాడలో ఇంటిల్లిపాదీ జీతం లెక్కలే వేస్తున్నారట. లెవెల్ 10, బేసిక్ 56,100తో మొదలు, పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. కంపెనీల్లో చేరిన నీ ఫ్రెండ్స్‌లో కొందరు నిన్ను దాటిపోతారు. ఆ సంగతి ఇప్పుడే ఒప్పేసుకో, తర్వాత టెన్షన్ ఉండదు.

ఈ సంస్థ 1976లో పుట్టింది. దీని వ్యవస్థాపక డైరెక్టర్ జనరల్ శేషగిరి గారి హయాంలో, ఇంటర్నెట్ మాట మన ఊళ్లలో వినపడకముందే, ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను కలిపారు. నీకు ఢిల్లీ పోస్టింగ్ ఇచ్చినా సరే, జిల్లాకు వెళ్లే అవకాశం వస్తే మాత్రం వదులుకోకు.

మనం రాసిన కోడ్ ఎవరి నెత్తిన పడుతుందో అక్కడే తెలుస్తుంది. సర్వే నంబరు గడిలో అంకెలే పట్టేలా రాస్తే 112-2ఎ ఎలా ఎక్కుతుంది? పాస్‌బుక్‌లో వెంకటేశ్వరరావు, ఆధార్‌లో వెంకటేశ్వర్లు, మనిషి ఒక్కడే. సిస్టం ‘సరిపోలలేదు’ అంటుంది. ఆ రైతు పని మానుకుని ప్రత్తిపాడు నుంచి మళ్లీ బస్సెక్కాలి. షాపింగ్ యాప్ నచ్చకపోతే ఇంకోటి వేసుకుంటాం. భూమి రికార్డుకు ఇంకో దుకాణం లేదు కదా. అందుకే స్క్రీన్ గీసే ముందు తహసీల్దార్ ఆఫీసులో ఆపరేటర్ పక్కన రెండు రోజులు కూర్చో. అతని దగ్గరుండే నోటుపుస్తకంలో ఏం రాసుకుంటున్నాడో అడిగి చూడు. సాఫ్ట్‌వేర్‌లో మనం పెట్టనిదంతా అందులో ఉంటుంది.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నా. డేటాబేస్‌లో ఒక్క పేరు మార్చమని ఎంత పెద్దవాళ్లు ఫోన్ చేసినా, ‘ఫైలు మీద రాసి పంపండి సార్, వెంటనే చేస్తాను’ అను. మర్యాదగానే అను, కానీ కాగితం వచ్చేదాకా కీబోర్డు ముట్టుకోకు. అక్కడ మారేది ఎవరో ఒకరి పొలం.

ప్రమోషన్ ఖాళీల మీద ఆధారపడదు. మూడేళ్ల సర్వీసు నిండాక సైంటిస్ట్-సికి అర్హత వస్తుంది. చేసిన పని చూసి, ఇంటర్వ్యూ చేసి ఇస్తారు. అందుకని ఏ నెల పని ఆ నెలే రాసి పెట్టుకో. బదిలీ అయినప్పుడు నీ తర్వాత వచ్చేవాళ్లకూ అదే పనికొస్తుంది.

జాయినింగ్ ఫారాల్లో నీ పేరు టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయి. నింపాక సంతకం పెట్టేముందు ఒకసారి నాకు వాట్సాప్ చెయ్యి, చూసి చెబుతాను.

మీ మామయ్య