శాండ్ స్క్రీన్లలో ట్రేసర్లను ఎందుకు అమరుస్తారు?

చమురు బావిలో ఏ భాగం నుంచి చమురు వస్తోందో, ఎక్కడ నీరు చొరబడుతోందో లోపలికి కొలత పరికరాలు దింపకుండానే తెలుసుకోవడానికి శాండ్ స్క్రీన్లలో (ఇసుక బావిలోకి రాకుండా ఆపే జల్లెడ గొట్టాలలో) ట్రేసర్లను, అంటే ఆనవాలు పట్టించే రసాయనాలను, అమరుస్తారు. రసాయనం కలిపిన పాలిమర్ కడ్డీలను స్క్రీన్ లోపలి గొట్టానికీ, దాని చుట్టూ ఉండే వడపోత తీగలకూ మధ్య ఖాళీలో ఉంచుతారు. నీటి ట్రేసర్ చమురులో దాదాపుగా విడుదల కాక, నీరు తగిలినప్పుడే కొద్దికొద్దిగా బయటికొస్తుంది. ఒక్కో భాగానికి ఒక్కో రసాయనం వాడతారు కనుక, పైన తీసిన నమూనాలో మూడో భాగపు నీటి ట్రేసర్ కనిపిస్తే నీరు అక్కడికి చేరిందని అర్థం. ట్రేసర్ గాఢత ఎక్కువైతే ప్రవాహమూ ఎక్కువేనని చాలామంది పొరబడతారు. నిజానికి ప్రవాహం పెరిగితే ట్రేసర్ పలచబడుతుంది. అందుకే మొత్తం ప్రవాహంలో ఒక్కో భాగం వాటాను అంచనా కట్టాలంటే బావిని కొంతసేపు మూసి, ట్రేసర్‌ను పోగుపడనిచ్చి, తిరిగి తెరిచాక ఒక్కో ట్రేసర్ పైకి చేరే సమయాన్నీ, దాని గాఢత తగ్గే తీరునూ పరిశీలిస్తారు.