ఈ చర్మం ఇక ఇంతేనా, డాక్టర్ గారూ?

బాగా బరువు తగ్గినవాళ్ల దగ్గర్నుంచి ఈసారి ఇంచుమించు ఒకే రకం ఉత్తరాలు వచ్చాయి కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం వాళ్లకే.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. మాది నెల్లూరు దగ్గర పల్లె, పెళ్లయ్యాక చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. రెండో కాన్పు తర్వాత 112 కిలోలకు వెళ్లాను. షుగర్ బార్డర్‌లో ఉందంటే భయపడి తిండి మార్చుకుని, నడిచి, జిమ్‌లో చేరి, రెండున్నరేళ్లలో 66కి వచ్చాను. షుగర్ నార్మల్, మోకాళ్ల నొప్పులు లేవు. కానీ పొట్ట కింద చర్మం మడతపడి వేలాడుతోంది, చెయ్యెత్తితే జబ్బ కింద చర్మం ఊగుతోంది. జిమ్ ట్రైనర్ క్రంచెస్ ఇంకా చేస్తే లోపలికి పోతుందంటాడు, మా అమ్మేమో కాస్త ఒళ్లు చేస్తే నిండుతుంది, నెయ్యి వేసుకుని తినవే అంటుంది. ఎండాకాలం ఆ మడతలో ఒరుసుకుపోయి ఎర్రబడి మంట, వాసన. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆపగానే ఇంకా ఎక్కువగా వస్తుంది. మా ఆయన ఏమీ అనరు, అయినా లైటు ఆర్పేదాకా నేనే దగ్గరకు వెళ్లను. ఇంత కష్టపడి తగ్గింది దీనికేనా అనిపిస్తోంది. ఇది ఎప్పటికైనా బిగుస్తుందా?
పేరు వద్దన్నారు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: అమ్మా, సూటిగానే చెప్తాను. 46 కిలోలు తగ్గాక మిగిలిన చర్మం పూర్తిగా బిగుసుకోదు. బరువు నిలకడగా ఉన్న మొదటి ఏడాది, ఏడాదిన్నరలో కొంత లోపలికి లాగుతుంది, ఆ తర్వాత పెద్దగా మారదు. ఇందులో మీరు చేయకుండా వదిలేసింది ఏమీ లేదు, ఈ మాట ముందు మనసుకు ఎక్కించుకోండి, ఎందుకంటే మీ ఉత్తరం నిండా ఎక్కడో నేనే సరిగ్గా చేయలేదేమో అన్న దిగులు కనిపిస్తోంది.

చర్మం లోపలి పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. చర్మానికి గట్టిదనం కొల్లాజెన్ ఇస్తుంది, సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం ఎలాస్టిన్‌ది. ఏళ్ల తరబడి సాగదీసి ఉంచితే ఆ పోగులు దెబ్బతింటాయి, లాస్టిక్ వదులైపోయిన లంగాను ఎన్నిసార్లు ఉతికినా బిగుతు రానట్టే. ఎంత బరువు ఉండేది, ఎన్నాళ్లు ఉంది, ఎన్ని కాన్పులు, వయసెంత, పొగతాగే అలవాటుందా, తల్లిదండ్రుల నుంచి వచ్చిన చర్మం ఎలాంటిది, వీటిని బట్టి ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ. మీలాగే తగ్గిన ఏ పాతికేళ్ల అమ్మాయికో ఇంత లేదంటే అందుకే.

ట్రైనర్ చెప్పింది సగం నిజం. బరువులెత్తే వ్యాయామంతో జబ్బల్లో, తొడల్లో కండ పెరిగితే పైనున్న చర్మం కొంత నిండుగా కనిపిస్తుంది, అందుకని అది మానొద్దు, పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు తగ్గించొద్దు. పొట్ట దగ్గర మాత్రం క్రంచెస్ పనిచేసేది కండ మీదే, దాని మీద వేలాడే మడత మీద కాదు. పైగా రెండు కాన్పులయ్యాయి కదా, పొట్ట మధ్యలో కండరాలు రెండుగా విడిపోయి ఉంటే క్రంచెస్‌తో ఉబ్బు ఎక్కువ కావచ్చు, ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. అమ్మగారి సలహా ప్రేమతో చెప్పిందే, కానీ మళ్లీ ఒళ్లు చేస్తే చర్మం నిండేలోపే షుగర్ వెనక్కి వస్తుంది. ఇంకో సంగతి, ఆ మడతను చూసి ఇంకా కొవ్వుందనుకుని తిండి మరీ తగ్గించేస్తుంటారు చాలామంది. వేళ్లతో పట్టుకుని చూడండి, పల్చగా మడతపడితే అది చర్మమే, పస్తులుంటే కరగదు.

ఇప్పుడు ఆ ట్యూబ్ సంగతి. నాకు అన్నిటికంటే కంగారు దాని గురించే. డబ్బా పారేయకుండా ఉంటే వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. మన దగ్గర ఒకే ట్యూబులో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, దాంతోపాటు గట్టి స్టెరాయిడ్ కలిపి అమ్ముతారు. స్టెరాయిడ్ వల్ల ఎరుపూ దురదా రెండు రోజుల్లో చల్లారిపోతాయి, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పాకుతుంది, అందుకే ఆపగానే రెట్టింపుగా వస్తోంది. నెలల తరబడి రాస్తే మడతల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి పోవు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం నిబంధన బిగించింది, అయినా కౌంటర్ మీద అడిగితే ఇచ్చేస్తున్నారు. ఈ వారమే చర్మ డాక్టరుకు చూపించండి, వాడుతున్న ట్యూబ్ కూడా తీసుకెళ్లండి. మడతల్లో వచ్చేది చాలావరకు చెమట, ఒరిపిడి, వాటి మీద చేరిన క్యాండిడా అనే ఫంగస్, క్లోట్రిమజోల్ లాంటి మామూలు మందుకు తగ్గుతుంది, కాకపోతే పైకి తగ్గినట్టు కనిపించాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు రాయాలి. పదేపదే వస్తుంటే షుగర్ మళ్లీ పరీక్ష చేయించుకోండి.

చెన్నై చెమట సంగతి తెలిసిందే, ఇక్కడ కత్తిరి వెయిల్ అంటారే, ఆ మే నెల ఎండల్లో ఫ్యాను కింద కూర్చున్నా మడతలు ఆరవు. స్నానం అయ్యాక మడత పైకెత్తి మెత్తటి నూలుగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. హెయిర్ డ్రయ్యర్ ఉంటే చల్లగాలి మీద పెట్టి ఒక్క నిమిషం ఆరబెట్టండి. తర్వాత పాత నూలు చీర చించి అరచేయి వెడల్పు పట్టీలు చేసుకుని, ఒకటి మడతలో పెట్టుకోండి, తడిసినప్పుడల్లా మార్చండి, ఆఫీసుకు వెళ్తే బ్యాగులో రెండు మూడు వేసుకోండి. తడి మీద పౌడర్ చల్లితే ఉండలు కట్టి ఇంకా ఒరుసుకుంటుంది, కాబట్టి పౌడర్ మీద నమ్మకం పెట్టుకోకండి. చీర కట్టుకునేటప్పుడు లంగా బొందు సరిగ్గా ఆ మడతలోకి దిగి కోస్తుంది చూడండి, అసలు పుండు పడేది చాలామందికి అక్కడే. టీ నగర్, పాండీ బజార్ వైపు సాగే గుడ్డతో కుట్టిన శారీ షేప్‌వేర్ దొరుకుతోంది, దానికి బొందు ఉండదు, మడతను పైకి ఎత్తి పట్టి ఉంచుతుంది. ఒంటికి తగిలేచోట లోపల నూలుగుడ్డ ఉండాలి, ఇంటికి రాగానే విప్పేయాలి. జాకెట్టుకు టైలర్ కొలత తీసేటప్పుడు చెయ్యి కిందికి వదిలేసి ఉంచండి, చంక దగ్గర కాస్త వదులు పెట్టి మోచేతి దాకా చేతులు కుట్టమనండి, బిగుతు పొట్టిచేతులైతే చర్మమంతా అంచు దగ్గర పోగుపడుతుంది.

బిగించే క్రీములు, కొల్లాజెన్ పొడులు అడగలేదు కానీ రేపు ఎవరో ఒకరు చెప్తారు, డబ్బు తగలేయకండి. క్లినిక్కుల్లో వేడి పుట్టించే మెషీన్లతో చేసే ప్యాకేజీలు కొద్దిపాటి వదులుకు కాస్తో కూస్తో పనిచేస్తాయి, వేలాడే మడతను అవి ఏమీ చేయలేవు.

తీసేయాలంటే ఆపరేషనే. వేలాడే మడత మటుకు కోసి తీసేది ఒకటి, దాన్ని పానిక్యులెక్టమీ అంటారు. విడిపోయిన కండరాలు కూడా దగ్గరకు కుట్టి, బొడ్డు స్థానం సరిచేసేది అబ్డామినోప్లాస్టీ. మీ బరువు కనీసం 6 నెలలుగా అటూ ఇటూ కాకుండా ఉండాలి, ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఆ తర్వాతే. కుట్టు ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది, మన రంగు చర్మాల్లో మచ్చ నల్లబడటం, ఉబ్బడం ఎక్కువ, కుదురుకోవడానికి ఏడాది పడుతుంది. లోపల నీరు చేరడం, కుట్లు విచ్చుకోవడం, ఇన్ఫెక్షన్, అరుదుగా కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఇవన్నీ జరగొచ్చు. మొదటి కొన్ని రోజులు వంగి నడవాలి, 6 వారాలు బరువులెత్తకూడదు, అంటే చిన్నవాణ్ణి ఎత్తుకోవడం, బిందెలు మోయడం, గ్యాస్ సిలిండర్ జరపడం అన్నీ ఇంట్లో వేరేవాళ్లు చూసుకోవాలి. ఆ ఏర్పాటు కుదిరాకే తేదీ తీసుకోండి. డాక్టర్ బోర్డు మీద ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా చూడండి, కాస్మెటిక్ ఎక్స్‌పర్ట్ అన్న మాట డిగ్రీ కాదు. చెన్నైలో స్టాన్లీ, కీళ్పాక్ లాంటి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో కూడా ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి, ఓపీలో చూపించుకుని అభిప్రాయం తీసుకుంటే పోయేదేమీ లేదు.

చేయించుకోకపోయినా మీరు తక్కువేం కాదు. ఇక మీవారి విషయం. ఆయన ఏమీ అనరని రాశారు, మీరు కూడా ఏమీ అడగలేదేమో. నాకు సిగ్గుగా ఉంది, నువ్వేమనుకుంటున్నావో తెలియట్లేదు అని పగటిపూట టీ తాగుతూ ఒక్కసారి అడిగేయండి. జవాబు ఊహించుకుంటూ ఇన్ని రోజులు టెన్షన్ పడటం కంటే అది తేలిక.

ప్రశ్న: మేడమ్, నాకు 29. ఓఎమ్మార్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, సొంతూరు తిరుపతి. దాదాపు 50 కిలోల బరువు తగ్గాను. ఛాతీ దగ్గర చర్మం జారిపోయింది, టీషర్టు వేసుకుంటే తెలుస్తోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయికి ముందే చెప్పాలా? చెబితే సంబంధం తప్పిపోతుందని నాన్న భయం.
శోళింగనల్లూరు, చెన్నై

జవాబు: చెప్పు బాబూ. పెళ్లిచూపుల్లో అందరి ముందు కాదు, నిశ్చయం కాకముందు ఇద్దరూ విడిగా మాట్లాడుకునే వీలు దొరుకుతుంది కదా, అప్పుడు. నేను ఇంతకుముందు ఇంత లావుండేవాణ్ణి, ఇలా తగ్గాను, ఒంటి మీద చర్మం వదులుగా ఉంది, అంతే, రెండు వాక్యాలు. పాత ఫొటో ఫోన్లో ఉంటే చూపించు. నువ్వు చేసింది చిన్న పని కాదు, దాచుకోవాల్సిన రోగమూ కాదు. నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది, కానీ మొదటి రాత్రి నుంచి బనీను విప్పకుండా తిరిగే భర్తను చూసి ఆ అమ్మాయి ఏమనుకుంటుందో ఆయన్ని ఆలోచించమను. ఈ మాటకే వెనక్కి వెళ్లే సంబంధమైతే వెళ్లనీ.

వైద్యం సంగతి. చనుమొన వెనక వేలితో నొక్కితే గట్టిగా బిళ్లలాగా తగులుతోందా చూసుకో, తగిలితే అది చర్మం ఒక్కటే కాదు, గైనకోమాస్టియా, అంటే మగవాళ్లలో రొమ్ము గ్రంథి పెరగడం కూడా ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి. ఒక్కవైపే గడ్డలా ఉన్నా, రసి కారుతున్నా ఆలస్యం చేయకు. ఒట్టి చర్మమే అయితే ఛాతీ కండ పెంచే వ్యాయామం కొంత సాయపడుతుంది, లోపల బిగుతుగా ఉండే కంప్రెషన్ బనీను ఆఫీసు వేళల్లో వేసుకోవచ్చు. సిగరెట్ ఉంటే మానేయి, చర్మానికీ మంచిది కాదు, ఎప్పుడైనా ఆపరేషన్ అనుకున్నా కనీసం 4 వారాల ముందు ఆపకపోతే కుట్లు సరిగ్గా మానకపోవచ్చు. పెళ్లి కోసమని హడావుడిగా మాత్రం చేయించుకోకు.

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ సర్జరీకి ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బిచ్చారు. ఇప్పుడు పొట్ట మడతలో పుండ్లు మానడం లేదు, చర్మం తీయించాలంటే అది అందం కోసం చేసే ఆపరేషన్ అంటున్నారు. ఏం చేయాలి?
పెరంబూరు, చెన్నై

జవాబు: పాలసీ పుస్తకంలో మినహాయింపుల పేజీ తీయండి. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి డబ్బివ్వరని ఉంటుంది, కానీ అదే వాక్యంలో ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసేవీ, ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించడానికి వైద్యపరంగా అవసరమైనవీ మినహా అని కూడా ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఇచ్చిన వాక్యమే అది. అవసరమని వైద్యం చేస్తున్న డాక్టర్ రాసివ్వాలి. అందుకని కాగితాలే మీ బలం. పుండ్లకు ఎప్పుడెప్పుడు చూపించారు, ఏ మందులు వాడారు, ఎన్నిసార్లు తిరగబెట్టింది, తేదీలతో చీటీలు, ఫొటోలు, చర్మ డాక్టర్ ఉత్తరం, సర్జన్ ఉత్తరం అన్నీ కలిపి ఆపరేషన్‌కు ముందే అనుమతి కోసం పంపండి. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా పాలసీదారుల ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఆఫీసు చెన్నైలోనే ఉంది, ఫీజు లేదు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి.

ఈలోపు అమ్మకు హిమోగ్లోబిన్, ఐరన్, బీ12, విటమిన్ డీ, అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ పరీక్షలు చేయించండి. బేరియాట్రిక్ చేయించుకున్నవాళ్లలో ఇవి పడిపోవడం మామూలే, అవి తక్కువగా ఉంటే ఆపరేషన్ తర్వాత గాయం మానడం కష్టం. ఆ సర్జరీ అయ్యి ఏడాది, ఏడాదిన్నర గడిచి, బరువు నిలబడిందా లేదా కూడా సర్జన్‌కు చెప్పండి.