2147483647 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ లేని రోజుల్లో ఎలా తేల్చారు?

ఇది 2³¹ − 1. దీని వర్గమూలం 46341 కన్నా కొద్దిగా తక్కువ, కాబట్టి అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. కానీ అవే 4792 ఉన్నాయి! 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ ఆ పనిని ఎంతో తగ్గించాడు. ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. రెండు షరతులూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 శేషంగా వచ్చేవే మిగులుతాయి, అంటే సుమారు అరవయ్యో వంతు. వాటిలో ఏదీ దీన్ని భాగించదు. ఈ సంఖ్య గురించి తెలిసినవాటిలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ వడపోతే.

దీన్ని 2³⁰తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది: తనను మినహాయించి తన భాజకాలన్నిటి మొత్తం తనకే సమానం.