హెవీ లైసెన్సు చేతికొచ్చింది, లోకల్‌లో పని దొరకడం లేదు

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా. వయసు 23. నెల రోజులు హెవీ ట్రైనింగ్ తీసుకుని ఈ మధ్యే లైసెన్సు తెచ్చుకున్నాను. దానికోసం అమ్మ బంగారం కుదువపెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి 45,000 తెచ్చాం. ఎక్కడికి వెళ్లినా ‘అనుభవం ఉందా?’ అంటున్నారు. నా ముందు నాలుగు దారులున్నాయి. నాగ్‌పూర్–చెన్నై లైన్‌లో నెలకు 20,000, రోజుకు 300 బత్తా. ఇక్కడే బొగ్గు హైవా (టిప్పరు) మీద మూడు నెలలు రెండో డ్రైవరుగా 12,000, ఆ తర్వాత 16,000, ట్రిప్పుకు 60 రూపాయలు. సిమెంటు డీలరు దగ్గర పికప్ బండికి 13,000. తెలిసినాయన ఒకరు 14 లక్షలకు పాత టెన్ వీలర్ ఇప్పిస్తానంటున్నారు, ప్లాటు అమ్మి 3 లక్షలు కడితే చాలట. నా భార్యకు అయిదో నెల. ఇంటి ఖర్చు 9,000. ఊరు వదలాలని లేదు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ఊరు వదలకూడదన్న మీ ఆలోచన సరైనదే. లెక్క వేసినా అదే తేలుతోంది.

ముందు పాత బండి సంగతి తేల్చేద్దాం. మిగతా 11 లక్షలకు ఫైనాన్స్ తీసుకుంటే, 15 శాతం వడ్డీతో నాలుగేళ్లకు నెలకు దాదాపు 30,600 కిస్తీ పడుతుంది. వడ్డీయే మూడున్నర లక్షలు దాటుతుంది. టెన్ వీలర్‌కు ఒక్కో టైరు 20 వేల పైమాటే. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. వానాకాలంలో ఓపెన్‌కాస్ట్ గనుల్లో నీళ్లు నిలిస్తే ట్రిప్పులు సగానికి పడిపోతాయి, కిస్తీ మాత్రం తగ్గదు. గేరు మీద ఇంకా చేయి కుదరని వయసులో ఈ భారం వద్దు. ప్లాటు అమ్మకండి.

లాంగ్ రూటులో 20,000 పెద్ద అంకెగానే కనిపిస్తుంది. కానీ బత్తాను జీతంలో కలుపుకోకండి. రెండు పూటల భోజనం, పొద్దున టిఫిన్, రాత్రి నిద్ర ఆపుకోవడానికి తాగే నాలుగు టీలు, బంకులో స్నానం, వీటికే ఆ 300 సరిపోతుంది. నెలకు పాతిక రోజులు మీరు రోడ్డు మీదుంటే ఇక్కడ స్కానింగ్‌కు, చెకప్‌కు ఆమెను ఎవరు తీసుకెళ్తారు? కొత్త డ్రైవరుకు మొదటి ఏడాదే రాత్రి ప్రయాణాలు, తెలియని ఘాట్లు కూడా మంచివి కావు.

పికప్ పని హాయిగా ఉంటుంది, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. కానీ 7,500 కిలోల లోపు బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కారు లైసెన్సున్న ప్రతివాడూ ఆ పనికి పోటీయే. జీతం పెరగదు, మీరు అప్పు చేసి నేర్చుకున్న హెవీ చేయి ఏడాదిలో మొద్దుబారుతుంది.

అందుకే నా ఓటు హైవాకు. సాస్తి, పౌని, గౌరి గనుల నుంచి రైల్వే సైడింగ్‌కు, చంద్రపూర్ థర్మల్‌కు బొగ్గు తిరుగుతూనే ఉంటుంది. గడ్‌చాందూర్, అవార్‌పూర్ వైపు సిమెంటు, బల్లార్‌పూర్ పేపరు మిల్లుకు కర్ర, చలికాలంలో జిన్నింగ్ మిల్లులకు పత్తి. ఇంత లోకల్ పని చేతిదూరంలో ఉన్న ఊళ్లు తక్కువ. ఈ ఏడాది మీరు సంపాదించాల్సింది డబ్బుకన్నా ముందు, మచ్చలేని లైసెన్సు, కాగితం మీద కనిపించే అనుభవం. ఇవి రెండూ ఉంటే వచ్చే ఏడాది ‘అనుభవం ఉందా’ అని అడిగేవాళ్లే మీకు ఫోన్ చేస్తారు.

అయితే ఓనరు చెప్పిన 16,000 మీ చేతికి 16,000గా వస్తుందనుకోకండి. నేను ట్రాన్స్‌పోర్టువాళ్ల లెక్కలు చూసే రోజుల్లో ఒక డ్రైవరు చెమటకు అట్టలు మెత్తబడిన జేబుపుస్తకం తెచ్చి చూపించాడు. జీతం 16,000. కింద అడ్వాన్స్ 3,000, డీజిల్ షార్టేజీ 1,850, అద్దం 1,200, పరదా చిరిగింది 700. చేతికొచ్చింది 9,250. డీజిల్ ఎందుకు తగ్గిందంటే, బండ్లు తూచే కాటా దగ్గర క్యూలో నాలుగైదు గంటలు ఇంజిన్ ఆన్‌లో పెట్టి అంగుళం అంగుళం జరిపాడు. ఆ గంటలు ఓనరు లెక్కలో లేవు. ఆ పుస్తకం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి చేరే ముందే అడగండి. లీటరుకు ఎంత యావరేజ్ పట్టుకుంటారు, క్యూలో నిలబడిన టైముకు డీజిల్ విడిగా ఇస్తారా, ఏ నష్టం ఎవరిది? జీతం బ్యాంకులో వేయమనండి. పీఎఫ్ కడతారా, గనుల్లో కాంట్రాక్టు పనివాళ్లకు కోల్ ఇండియా పెట్టిన హెచ్‌పీసీ కూలి రేటు మీ పనికి వర్తిస్తుందా అన్నది కూడా కనుక్కోండి. ఒరిజినల్ లైసెన్సు ఎవరి దగ్గరా పెట్టకండి, ఖాళీ కాగితం మీద సంతకం చేయకండి. బండి నంబరు ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. ఓవర్‌లోడ్‌కు జరిమానా 20,000, పైన ప్రతి టన్నుకు 2,000. అది ఓనరు కట్టినా సస్పెండ్ అయ్యేది మీ లైసెన్సే. ‘అందరూ తీసుకెళ్తున్నారు’ అని మున్షీ అంటే బండి దిగిపోండి.

అనుభవానికి సాక్ష్యం మొదటి రోజు నుంచే పోగు చేయండి. లోడింగ్ స్లిప్పుల మీద మీ పేరుంటే ఫొటో తీసుకోండి. మూడు నెలలు పూర్తయిన రోజున ఓనరు సంతకంతో చిన్న లెటరు అడగండి, ఆ తర్వాత అడిగితే ఇవ్వరు. ఒకవేళ ఈ ఓనరు మాట మారిస్తే ఆఫీసుల చుట్టూ తిరగకండి. టైర్ల షాపులో, మెకానిక్ దగ్గర కూర్చోండి. డ్రైవరు లేక ఏ బండి నిలబడిందో అందరికన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. ఉత్తరాది డ్రైవర్లు హోళీకి, ఛఠ్‌కు ఊళ్లకెళ్లినప్పుడు పది రోజులు వాళ్లకు బదులుగా నడిపి అదే బండిలో స్థిరపడ్డవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక అప్పు. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. నెలకు 900 వడ్డీకే పోతోంది, అసలు కదలడం లేదు. జాతీయ బ్యాంకులో బంగారం లోనుకు వడ్డీ ఇందులో సగం కూడా ఉండదు. రసీదు తీసుకుని ఈ వారమే బ్యాంకుకు వెళ్లండి. విడిపించడానికి చేతిలో డబ్బు ఉండాలి కదా, బంధువుల దగ్గర ఒక్క రోజుకు సర్దుకోండి. వడ్డీ సగానికి తగ్గితే 12,000లో ఇంటి ఖర్చు, వడ్డీ పోను నెలకు 2,500 మిగులుతుంది. మూడు నెలలు దాన్ని ముట్టుకోకండి, కాన్పు ఖర్చుకు ఉంటుంది. మొదటి కాన్పయితే అంగన్‌వాడీలో మాతృవందన యోజన కింద పేరు రాయించండి, 5,000 వస్తుంది.

తర్వాత 16,000 జీతంతోనే ఇల్లు నడపండి. ట్రిప్పు డబ్బు మొత్తం బంగారం అప్పుకే. రోజుకు నాలుగు ట్రిప్పులు, నెలకు 26 రోజులంటే 6,240. వానల్లో తగ్గినా ఏడాది తిరగకముందే అమ్మ గొలుసు ఇంటికొస్తుంది. అయిదో ట్రిప్పు కోసం మాత్రం పరుగెత్తకండి. ఆ 60 రూపాయల కోసం తొందరపడ్డ చోటే గని రోడ్లమీద బండ్లు పల్టీ కొడతాయి.

మీ బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 436తో జీవిత బీమా పెట్టించండి. సురక్షా బీమా, జీవన్ జ్యోతి అని అడిగితే చాలు. ఒక్కోదానికి 2 లక్షల కవరు. నామినీగా భార్య పేరు రాయండి. ఓనరు పీఎఫ్ కట్టకపోతే ఈ-శ్రమ్ కార్డు కూడా తీసుకోండి, పైసా ఖర్చుండదు.

ఒక్క విషయం మిగిలింది. గని లోపలికి వెళ్లే బండి నడపాలంటే మెడికల్ పరీక్ష, వీటీసీ (గని పనివాళ్లకు శిక్షణ ఇచ్చే కేంద్రం) ట్రైనింగ్ అవ్వాలి. అవి లేకుండా ‘ఇవాళ్టికి నడిపెయ్’ అంటారు, ఆ రోజు ఏదైనా జరిగితే మీరు ఆ గనిలో పనిచేసినట్టు కాగితమే ఉండదు. సోమవారం ఓనరును కలిసినప్పుడు జీతం మాట ఎత్తకముందే, వీటీసీ ఎప్పుడు చేయిస్తారో అడగండి.