మూపురం నిలబడాలంటే

నెల్లూరు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆడపడుచు కూతురికి అయిదో నెలలో అన్నప్రాశన చేస్తారనీ, ఆ రోజుకు నీ చేత్తో ఒక క్రోషియా బొమ్మ అల్లి ఇవ్వాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం వేసింది. ఇంకా రెండు నెలలు ఉంది కాబట్టి తొందరేమీ లేదు. ఫోనులో చెబితే సగం నువ్వు మరిచిపోతావు, సగం నేను మరిచిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం నీ దారాల బుట్టలో పెట్టుకో.

నువ్వు పంపిన కుందేలు ఫొటో చూశాను. మెడలో ముత్యాలు, చెవికి పొడవాటి రిబ్బను, మెరిసే గుండీ కళ్లు. గాజు బీరువాలో పెట్టుకోవడానికి ఎంతో బాగుంటుంది. కానీ అయిదు నెలల బిడ్డ చేతికి బొమ్మ అందిన మరుక్షణం అది నోట్లోకి వెళ్తుంది. ఏడాది దాటాక కాలు పట్టుకుని ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరుగుతుంది. అన్నం తిన్న చేత్తో పట్టుకుంటుంది, పాలు కక్కుతుంది, వీధిలో పారేస్తుంది. నువ్వు అల్లేటప్పుడు కళ్ల ముందు ఉండవలసినవి ఆ నోరూ ఆ చెయ్యీ. దారం ఎంచుకోవడం దగ్గర నుంచి చివరి ముడి దాకా ప్రతి పనినీ వాటిని తలుచుకునే చెయ్యి.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. పన్నెండేళ్ల కిందట పక్కింటివాళ్ల మనవడికి ఒక ఎలుగుబంటిని అల్లి ఇచ్చాను. వెనకాల బిళ్ల నొక్కి బిగించే నల్లటి ప్లాస్టిక్ కళ్లు పెట్టాను. అవి ఊడిరావని అందరూ చెబితే నమ్మాను. నెల తిరక్కుండానే వాళ్లింటికి వెళ్లినప్పుడు పిల్లవాడి పిడికిట్లో ఏదో మెరిసింది. వేళ్లు విప్పి చూస్తే ఒక కన్ను. బిళ్ల బిళ్లగానే ఉంది, ఊడలేదు. నా అల్లిక వదులుగా ఉండటంతో, వాడు లాగగా లాగగా బిళ్లతో సహా కుట్ల సందులోంచి బయటికి వచ్చేసింది. ఇంకో నిమిషం ఆలస్యమైతే గొంతులోకి పోయేదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ ఎలుగుబంటిని అడిగి వెనక్కి తెచ్చుకుని, కళ్లు రెండూ తీసేసి నల్ల దారంతో కుట్టి ఇచ్చాను.

కాబట్టి మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ప్లాస్టిక్ కళ్లు, గుండీలు, పూసలు, గజ్జెలు, పొడవాటి తాళ్లు వద్దే వద్దు. కాళ్లు వంచడానికి లోపల తీగ పెట్టేవాళ్లను చూశాను, అది అసలే వద్దు. కళ్లు దారంతో కుట్టు. తలను పూర్తిగా మూయక ముందే కుడితే ముడులన్నీ లోపలికి పోతాయి. ఇంకొక సంగతి: కళ్లు కాస్త కిందికి, కాస్త ఎడంగా కుడితే ముఖంలో పసితనం వస్తుంది. పైకి, దగ్గరగా పెడితే అదే బొమ్మ పెద్దమనిషిలా కనిపిస్తుంది. ముందు రెండు చిన్న నల్ల కాగితం ముక్కలు పెట్టి, అటూ ఇటూ జరిపి చూసుకుని, ఆ తర్వాతే సూది పట్టుకో.

మీ ఆడపడుచుకు ఇది కూడా చెప్పు. ఏడాది నిండేదాకా బిడ్డ పడుకునే ఉయ్యాలలో ఈ బొమ్మను పెట్టకూడదు. మెత్తటివి ముక్కుకు అడ్డం పడితే పసిబిడ్డ తోసుకోలేదు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు ఆడుకుంటే చాలు.

ఇక నీ చేతి సంగతి. నీకు లేసు అల్లడం వచ్చు, దిండు గలీబులకు అంచులు చక్కగా వేస్తావు. నేనూ అక్కడి నుంచే వచ్చాను. నాకు సూది పట్టడం నేర్పిన ఆవిడ నరసాపురం నుంచి మా వీధికి కోడలిగా వచ్చింది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ నరసాపురం లేసును ఆవిడ వేళ్ల మీద చూశాను. ఆ లేసు అందమంతా ఖాళీల్లోనే ఉంటుంది. బొమ్మలో ఖాళీ కనిపించిందంటే దూది బయటికి వచ్చే దారి అదే. చేతికి ఇరవై ఏళ్లు అలవాటైన వదులు ఒక్క రోజులో పోదు. నీకు బొమ్మలో కష్టం వచ్చేది ఇక్కడే కనుక ముందే చెబుతున్నాను. దారం చీటీ మీద ఏ క్రోషియా సూది వాడమని ఉంటుందో దానికన్నా ఒకటి రెండు సైజులు చిన్నది తీసుకో. మనకు దొరికే సన్నపాటి నూలుకు రెండున్నర మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. అల్లిన ముక్కను వేళ్లతో సాగదీసి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకో. చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే విప్పేసి ఇంకా చిన్న సూదితో అల్లు. విప్పడానికి బాధపడకు, దారం ఎక్కడికీ పోదు.

దారం నూలుదే తీసుకో. మన ఎండలకు ఉన్ను బొమ్మను బిడ్డ ఒళ్లో పెట్టుకోలేదు. మిల్క్ కాటన్ అని అమ్మేదాంట్లో చాలావరకు యాక్రిలిక్ కలిసి ఉంటుంది, చీటీ చదివి కొను. ముట్టుకుంటే పట్టులా జారే వెల్వెట్ దారం చూసి మోజుపడతావేమో. మొదటి బొమ్మకు అది పనికిరాదు, అందులో కుట్లు కంటికి కనిపించవు. ఒకే రంగు ఉండలన్నీ ఒకే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో రంగు వేసినవి, ఒకేసారి కొను. తర్వాత ఇంకొకటి తెస్తే రంగు తేడా వచ్చి బొమ్మ నడుము దగ్గర గీత గీసినట్టు ఉంటుంది. ముదురు రంగుల విషయంలో మాత్రం అల్లక ముందే పరీక్ష చెయ్యాలి. దారం ముక్కను తడిపి తెల్ల గుడ్డలో చుట్టి కాసేపు నొక్కి ఉంచు. గుడ్డకు రంగు అంటితే అది బిడ్డ నోటికీ అంటుతుంది.

ఇలాంటి బొమ్మలను జపాన్‌వాళ్లు అమిగురుమి అంటారు. ప్రపంచమంతా ఇప్పుడు ఆ పేరే వాడుతోంది. చూడటానికి బ్రహ్మవిద్యలా ఉంటుంది కానీ నూటికి తొంభై పాళ్లు ఒకే కుట్టు, సింగిల్ క్రోషియా, గుండ్రంగా తిరుగుతూ పోవడమే. అయితే ఒక జాగ్రత్త ఉంది. అమెరికావాళ్లు సింగిల్ క్రోషియా అనేదాన్నే ఇంగ్లండువాళ్లు డబుల్ క్రోషియా అంటారు. నువ్వు తెచ్చుకునే నమూనా ఏ దేశం పద్ధతిలో ఉందో ముందు చూసుకో. లేకపోతే ఎలుక కావలసింది ఒంటెలా సాగుతుంది.

మొదలు ఇలా పెట్టు. చూపుడు వేలికి దారం రెండు చుట్లు చుట్టు. ఒక చుట్టుతో కూడా పని జరుగుతుంది కానీ ఉతుకుల్లో అది మెల్లగా తెరుచుకుని బొమ్మ నడినెత్తిన చిల్లు పడుతుంది. ఆ రెండు చుట్ల కింద నుంచి సూది పోనిచ్చి దారం లాగి, ఒక గొలుసు వేసి, వాటి మీదే ఆరు కుట్లు అల్లు. ఇప్పుడు దారం తోకను కొద్దిగా లాగితే రెండు చుట్లలో ఒకటి కదులుతుంది. ఆ కదిలినదాన్ని పట్టి లాగితే రెండోది మూసుకుంటుంది. మళ్లీ తోక లాగితే మొదటిదీ మూసుకుంటుంది. నడుమ పెన్సిల్ మొన కూడా దూరకూడదు. తర్వాత చుట్టుకు ఆరేసి కుట్లు పెంచుకుంటూ పో: 6, 12, 18, 24, 30, 36. ఒకే కుట్టులో రెండు అల్లితే ఒకటి పెరిగినట్టు. పెంచే చోటు ప్రతిసారీ ఒకదాని మీద ఒకటి పడితే బంతి గుండ్రంగా రాక ఆరు మూలలు తేలుతుంది, కాబట్టి ఒక్కో చుట్టులో కాస్త పక్కకు జరుపు. తగ్గించేటప్పుడు రెండు కుట్ల ముందు దారాల్లోంచి మాత్రమే సూది పోనిచ్చి కలిపితే తగ్గించిన చోటు కంటికి తెలియదు.

చుట్టు ఎక్కడ మొదలైందో గుర్తుకు చాలామంది పిన్నీసు పెడతారు. నేను పెట్టను. బొమ్మ లోపల ఒక్క పిన్నీసు ఉండిపోయినా చాలు. వేరే రంగు దారం ముక్కను కుట్ల మధ్య పడుకోబెట్టి అల్లుకుంటూ పోతే పని అయ్యాక లాగేసుకోవచ్చు. ప్రతి చుట్టు చివరా కుట్లు లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. టీవీ చూస్తూ అల్లితే లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక అరగంట కూర్చో, చాలు.

ఏ బొమ్మ అల్లాలి అన్నావు. కుందేలు వద్దు, ఒంగోలులో ఉండి గిత్తను వదిలిపెట్టి కుందేలు ఎందుకు? బ్రెజిల్ దేశంలో కోట్లలో మేసే తెల్లటి పశువుల జాతికి నెలోర్ అని పేరు. అది మన నెల్లూరే. ఇక్కడి నుంచి ఓడల్లో వెళ్లిన మీ ఒంగోలు పశువుల సంతతి అది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే కదా, అందుకని పేరు మాకు దక్కింది. ఆ బిడ్డ మొదటి బొమ్మ తన ఊరి గిత్త అయితే నాకు ఎంత ఆనందమో చెప్పలేను.

అల్లే ముందు ఒకసారి వెళ్లి నిజం గిత్తను పక్క నుంచి నిదానంగా చూడు. తెలుపు అంటే సున్నం తెలుపు కాదు, మీగడ తెలుపు. మూతి నలుపు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి అంచు, కొమ్ములు పొట్టివి, తోక చివర కుచ్చు నలుపు. ఇవన్నీ దారంతో సులువుగా వస్తాయి. కష్టమంతా మూపురంతోనే. మామూలుగా చుట్టుకు ఆరేసి పెంచితే చదునైన బిళ్ల వస్తుంది. మూడేసి మాత్రమే పెంచు: 6, 9, 12, 15, 18, 21. అప్పుడు ముక్క తనంతట తానే శంఖువులా పైకి లేస్తుంది. ఆపైన పెంచకుండా రెండు చుట్లు అల్లి, జానెడు దారం వదిలి తెంచు. నా మొదటి గిత్తకు మూపురాన్ని అంచు వెంబడి మాత్రమే కుట్టాను. నాలుగు రోజులకే పక్కకు ఒరిగింది. ముందు ఒళ్లు గట్టిగా నింపాలి, మెత్తటి ఒంటి మీద ఏదీ నిలబడదు. మూపురాన్ని మెడ వెనక, భుజాల మీద పెట్టి చూసుకో. వీపు మధ్యకు జరిగితే ఒంటె అవుతుంది. మూడు వంతులు కుట్టాక దాంట్లోనూ దూది కూరి మూసెయ్యి. తర్వాత పొడుగు సూదితో మూపురం మొదట్లోంచి ఒంట్లోకి, ఒంట్లోంచి మూపురంలోకి రెండు మూడుసార్లు దారం తీసి బిగించు. అప్పుడు ఆ బిడ్డ మూపురం పట్టుకుని ఎత్తినా కదలదు. ఎలాగూ అక్కడే పట్టుకుంటుంది.

గంగడోలుకు దూది అక్కర్లేదు. పదిహేను గొలుసులు వేసి వెనక్కి వస్తూ చివర్లలో పొట్టి కుట్లు, మధ్యలో పొడుగు కుట్లు వేస్తే మెడ కింద మడతలు మడతలుగా వేలాడుతుంది. నీ లేసు చెయ్యి మళ్లీ పనికొచ్చేది ఇక్కడే, కాస్త వదులుగా ఉంటేనే అందం. కాళ్లు నాలుగూ అతికించాక ఒక్కొక్కటి పట్టుకుని బలంగా లాగు. ఊడేదైతే నీ చేతిలోనే ఊడాలి.

దూది విషయంలో నా మాట విను. మీ అత్తగారు బూరుగు దూది ఇస్తానన్నారని రాశావు. ఆవిడ మనసు నొప్పించకుండా దాన్ని దిండుకు వాడుకో. బొమ్మ తరచూ తడుస్తుంది, ఉతకాలి. బూరుగు దూది ఒకసారి తడిస్తే ఉండలు కట్టి లోపల ఆరదు. కార్తీక మాసం వానల్లో మన వైపు వారాల తరబడి ఎండ ముఖం చూడం, అప్పుడు ముక్క వాసన పట్టేస్తుంది. దిండ్లలో వాడే తెల్లటి పాలిస్టర్ దూది కొను. చిన్న చిన్న పోగులుగా విడదీసి పెన్సిల్ వెనక భాగంతో మూలలకు తోస్తూ నింపు. ఉతికేటప్పుడు సబ్బు నీళ్లలో చేత్తో మెల్లగా పిండి, తువ్వాలులో చుట్టి నొక్కి, గాలి తగిలే చోట ఆరబెట్టమని వాళ్ల అమ్మకు చెప్పు. దాచుకునే చోట నాఫ్తలీన్ ఉండలు వెయ్యొద్దు, పసిపిల్లలకు అవి ప్రమాదం. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెడితే చాలు.

స్నేహితులు అమ్మకానికి పెట్టమంటున్నారనీ రాశావు. పదిమంది పిల్లల చేతుల్లో నీ బొమ్మలు ఒక ఏడాది నలిగాక ఆలోచిద్దాం. ఒకటి మాత్రం తెలుసుకుని ఉండు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తివాళ్లకు మినహాయింపు ఇచ్చారు, కాబట్టి అమ్మే ఉద్దేశం ఉంటే ముందు ఆ నమోదు సంగతి చూసుకోవాలి. ధర చెప్పేటప్పుడు దారం ఖర్చుకు రెండింతలు అని కట్టకు. గిత్తకు నాకే పద్నాలుగు గంటలు పడుతుంది. ఆ గంటలు నీవి.

ముందు గిత్త జోలికి వెళ్లకుండా ఒక బంతి అల్లు. 36 దాకా పెంచి, ఆరు చుట్లు అలాగే అల్లి, తగ్గించుకుంటూ వచ్చి, దూది నింపి మూసెయ్యి. దాన్ని కిటికీ ముందు పెట్టి తీసిన ఫొటో, నువ్వు లెక్క రాసుకున్న కాగితం ఫొటో రెండూ పంపు. వెలుతురు ఎక్కడ కారుతోందో చూసి చెబుతాను. మూపురం దగ్గర చిక్కుపడితే రెండు నుంచి నాలుగు లోపల ఫోను చెయ్యి, ఆ వేళకు నేను కూడా సూది పట్టుకునే ఉంటాను.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. బిడ్డకు ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ